మూడో గిటారు వాయించిన చెయ్యి

“ఆవిడ కూర్చున్నది ఈ కుర్చీలోనేనా?”

“ఇందులోనే మేడమ్. మొహం గోడకి, వీపు నాకు.”

జిగురు వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. ఎదురుగా తెల్లటి వట్టి గోడ, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. చూద్దామంటే ఒక మేకు కూడా లేదు.

జిగురు ఆమె అసలు పేరు కాదు. పోలీసు శాఖలో ఉండగా, పట్టుకున్న కేసు వదలడం లేదని తోటివాళ్లు విసుక్కుంటూ తగిలించిన పేరు. ఆమె ఆ ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది గానీ, పేరు మాత్రం ఆమెని వదల్లేదు.

ఇప్పుడామె ఉన్నది ఖరీదైన గిటార్లమ్మే షాపు మేడ మీద, కొనేవాళ్లకి వాయించి వినిపించే గదిలో. మూడు గోడలకి మెత్తటి గుడ్డ తాపడం, నేల మీద మందపాటి తివాచీ. ఎంత బరువైన మనిషి నడిచినా అడుగుల చప్పుడు వినపడదు. పక్క గది పెద్దాయన వర్క్‌షాపు. షాపు యజమానిని అందరూ పెద్దాయన అనే పిలిచేవాళ్లు. పోయిన వారం ఒక మధ్యాహ్నం, ఆ వర్క్‌షాపులో చెక్కలు బిగించే ఇనప పట్టకారుతో ఎవరో ఆయన తల మీద కొట్టి చంపారు. ఆయన తమ్ముడు లాకప్‌లో ఉన్నాడు. రేపు పొద్దున కోర్టుకి తీసుకెళ్తారు.

తమ్ముడి భార్య నిన్న జిగురు ఆఫీసుకి వచ్చింది. “మా ఆయన కోపిష్టి. అరుస్తాడు, తలుపులు విసిరికొడతాడు, సాయంత్రానికి తనే వచ్చి సారీ చెప్తాడు. సొంత అన్నని చంపే మనిషి కాదు” అంటూ రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు చాలాసేపు వదల్లేదు.

“మొదటినుంచీ చెప్పండి” అంది జిగురు, గోడ వైపు తిరిగే.

“పోలీసులకి చెప్పానుగా” అన్నాడు వెనకనుంచి మేనేజరు.

“నాకు చెప్పలేదుగా.”

అతను చిన్నగా నిట్టూర్చాడు. షాపులో పెద్దాయన కాక పనిచేసేది అతనొక్కడే. మాట నున్నగా ఉంటుంది, చొక్కా అంతకంటే నున్నగా ఉంటుంది. “టీచరమ్మ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఏడాదిగా గిటారు నేర్చుకుంటున్నారు. మంచిదొకటి కొనుక్కోవాలని అంతకుముందే రెండుసార్లు వచ్చి వెళ్లారు, తేల్చుకోలేకపోయారు. ఆ రోజు వచ్చి, చూస్తే మెరుపుకి పడిపోతున్నాను, నేను వాయిస్తే నా తప్పులే వినిపిస్తున్నాయి, మీరే వాయించండి, నేను గోడ చూస్తూ వింటాను అన్నారు. నాలుగు గిటార్లు వరసగా, నాలుగింటి మీదా ఒకటే పాట.”

“ఆ నాలుగూ చూపించండి.”

జిగురు కుర్చీ తిప్పుకుంది. అతను గోడకి వేలాడుతున్నవాటిని చూపిస్తుంటే గొంతులో అమ్మకం ఉత్సాహం దానంతటదే వచ్చేసింది. “మొదటిదానికి పైన స్ప్రూస్, తెల్లటి తేలిక చెక్క. వెనక మహాగని. గొంతు సూటిగా ఉంటుంది. రెండోదానికి పైన దేవదారు. మెత్తగా మీటినా పలుకుతుంది, గట్టిగా కొడితే బెదిరిపోతుంది. మూడోది షాపులోకల్లా ఖరీదైంది. పైన స్ప్రూస్, వెనకా పక్కలా రోజ్‌వుడ్. నాలుగోది కూడా అవే చెక్కలు, కాకపోతే డొక్క చిన్నది, మెడ సన్నం. టీచరమ్మ చివరికి ఎంచుకున్నది అదే. పోలీసులు అమ్మకాలు ఆపేశారు గనక ఇంకా ఇక్కడే ఉంది.”

“మామూలు గిటారుకీ వీటికీ అంత తేడా ఎక్కడొస్తుంది?”

“చెక్కలో మేడమ్. మామూలువి ప్లైవుడ్‌తో చేస్తారు, పల్చటి పొరలు అతికించి. ఇవి నిండు చెక్క. వయసొచ్చేకొద్దీ గొంతు తేరుతుంది. ఇంకో సంగతి, వాయించేవాడికి వినిపించే గొంతు వేరు, ఎదుటివాళ్లకి వినిపించేది వేరు. అందుకే టీచరమ్మ ఆలోచన నాకూ నచ్చింది.”

“శ్రుతి ఎలా చేస్తారు?”

అతను జేబులోంచి బొటనవేలంత క్లిప్పు తీశాడు. “ఇది గిటారు తలకి తగిలిస్తే చాలు, తీగ సరిగ్గా ఉంటే పచ్చ లైటు వెలుగుతుంది. పెద్దాయనకి మాత్రం ఇదంటే మంట. తీగ మీద వేలు ఆనీ ఆనకుండా పెట్టి గంటల్లా మోగించి, చెవితోనే చూసుకునేవారు. పాతకాలం మనిషి.”

క్లిప్పు పట్టుకున్న అతని కుడిచేతి గోళ్లు జిగురు కంట పడ్డాయి. పొడుగ్గా, గుండ్రంగా, జాగ్రత్తగా అరగదీసినవి. తీగలు మీటడం కోసం పెంచుకున్నవి.

“తమ్ముడు ఎప్పుడొచ్చాడు?”

“రెండో గిటారు మొదలెట్టేసరికి కింద కౌంటరు దగ్గర గొడవ మొదలైంది. బిల్డింగు అమ్మేద్దామని ఆయన, కుదరదని పెద్దాయన. ఎప్పుడూ ఉన్నదే. పాట సగంలో ఉండగా ముందు తలుపు దబ్బుమని పడింది. టీచరమ్మ విసుక్కుని మళ్లీ మొదటినుంచి వాయించమన్నారు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది మేడమ్. పెద్దాయన్ని తరిమి పైకి తీసుకొచ్చి కొట్టి పోయాడు. పాటలో ఉండి మేము గమనించలేదు.”

“తర్వాత?”

“మూడోది వాయించాను. నాలుగోది వాయించాను. గది దాటి అడుగు బయట పెట్టలేదు. టీచరమ్మని కిందిదాకా దింపి, సంగతి చెబుదామని వర్క్‌షాపులోకి వెళ్తే ఆయన నేల మీద ఉన్నారు. నేను ఇక్కడే ఉన్నాననడానికి టీచరమ్మే సాక్షి.”

“వీపుతో చూసిన సాక్షి.”

“చెవులు ఉన్నాయి కదా మేడమ్” అన్నాడు మేనేజరు నవ్వుతూ.

జిగురు నవ్వలేదు. ఆ మధ్యాహ్నం గడియారం చూసిన మనిషి లేడు. ఉన్న గడియారమల్లా ఆ నాలుగు గిటార్లే. వాటిలో ఏది మోగుతుండగా ఎవరు ఎక్కడున్నారో తేలితే కేసు తేలినట్టే.

వర్క్‌షాపులోకి ఒక్కతే వెళ్లింది. వార్నిష్ వాసన. నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి ఆకారం. వెనక సందులోకి దిగే ఇనప మెట్ల తలుపుకి గడియ పెట్టి లేదు. వాసన పోవడానికి పెద్దాయన ఎప్పుడూ తీసే ఉంచేవారట. రిపోర్టులో రాశారు. రాసి ఊరుకున్నారు.

గది మధ్యలో పొడుగాటి బల్ల, మీద దళసరి గుడ్డ పరిచి ఉంది. ఒక చివర గిటారు మెడ ఆనించే చెక్క దిమ్మ. పక్కన పిడి ఉన్న చిన్న అద్దం, వేలెడంత టార్చిలైటు. మిగతా పనిముట్లన్నీ గోడమీద దేని చోట అది బుద్ధిగా ఉన్నాయి. ఈ రెండే బల్ల మీద ఉన్నాయి. చనిపోయేముందు ఆయన ఏదో గిటారు కడుపులోకి తొంగి చూస్తున్నారు. ఆ గిటారు ఏదీ?

బల్ల కింద చెత్తబుట్టలో చెయ్యి పెట్టింది. చెక్కపొట్టు అడుగున చల్లగా తగిలాయి. చుట్ట చుట్టిన తీగలు, ఆరు. తుప్పు పట్టినవి కావు, తెగినవీ కావు. బాగున్న తీగల్ని ఎవరూ ఊరికే పీకి పారెయ్యరు.

ఆమె తిరిగొచ్చి మేనేజరుతో ఏమీ అనకుండా గోడకున్న నాలుగు గిటార్ల తీగలూ వేలితో తడిమింది. మొదటిది, రెండోది, నాలుగోది కాస్త మసకేసినట్టున్నాయి. వచ్చినవాళ్లందరూ పట్టుకు చూసిన తీగలు మరి. మూడోదాని తీగలు మాత్రం అప్పుడే కాగితంలోంచి తీసినట్టు తళతళలాడుతున్నాయి.

“ఏం చూస్తున్నారు మేడమ్?”

“అందంగా ఉన్నాయి” అంది జిగురు.

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. మేనేజరు ఎందుకు అంత స్థిమితంగా ఉన్నాడో అప్పుడర్థమైంది. ఆమె వర్క్‌షాపులో ఉండగా ఫోన్ చేసి ఉంటాడు.

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడ్డాడు. ఒకే బ్యాచ్‌లో ట్రైనింగు అయినవాళ్లు ఇద్దరూ. అతని వెనక, మెట్లెక్కిన ఆయాసంతో, కళ్లజోడు సర్దుకుంటూ టీచరమ్మ. ఆవిణ్ణి రమ్మన్నది జిగురే.

“ఇంకా వదలవా జిగురూ?”

“వదిలితే పేరు మార్చుకోవాలి ఇన్‌స్పెక్టర్‌గారూ.”

“వచ్చి అందరి టైమూ పాడుచెయ్యకు. లెక్క చాలా తేలిక. షాపులో ఉన్నది నలుగురు. ఒకాయన చచ్చిపోయాడు. ఈవిడ గోడ చూస్తూ కూర్చున్నారు. ఇతను గిటారు వాయిస్తున్నాడు. ఇక మిగిలిందెవరు? పక్క మందుల షాపు కెమెరాలో మొహం కందగడ్డ చేసుకుని పోతున్నాడు తమ్ముడు.”

“చొక్కా మీద మరకేమన్నా కనపడిందా?”

ఇన్‌స్పెక్టరు టోపీ సర్దుకున్నాడు.

“కనపడలేదన్నమాట” అంది జిగురు. “పోనీ, నాలుగు గిటార్లూ వాయించింది ఇతనేనని మీకెవరు చెప్పారు?”

“ఈవిడే. స్టేట్‌మెంట్ ఇచ్చారు.”

టీచరమ్మ కళ్లజోడు మీదుగా అతన్ని చూశారు. ఆ చూపుకి ఎన్ని తరగతులు కుదురుగా కూర్చున్నాయో. “నన్ను అలా అడగలేదు బాబూ. నాలుగు గిటార్లూ వాయించారా అని అడిగారు. వాయించారన్నాను. ఎవరు వాయించారని ఎవరడిగారు?”

మేనేజరు నున్నటి మొహం మీద మొదటిసారి ఒక ముడత పడింది.

“వీపు వెనక వాయిస్తే ఎవరో మీకెలా తెలుస్తుంది పెద్దమ్మా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“ముప్ఫై ఏళ్లు బోర్డు మీద రాస్తూనే, వెనక ఎవడు గుసగుసలాడుతున్నాడో పేరు పెట్టి పిలిచాను. ఒక్కసారి కూడా తప్పు పిల్లాణ్ణి నిలబెట్టలేదు.”

జిగురు ఇన్‌స్పెక్టరు దగ్గరికి నడిచింది. “ఒక పందెం. ఆవిడ గోడ వైపు కూర్చుంటారు. గిటార్లు మీరే ఎంచండి, ఎవరు వాయించాలో మీరే చెప్పండి. ఒక్కటి తప్పినా నేను కేసు వదిలేసి ఇంటికెళ్తాను. తప్పకపోతే మీరు కొత్త స్టేట్‌మెంట్ రాస్తారు.”

“నువ్వు వదిలేస్తావా?”

“వదిలేస్తాను.”

అతనికి అంతకంటే ఏం కావాలి. కానిస్టేబుల్‌ని పిలిచి కింద షట్టరు దించి అక్కడే కాపలా ఉండమన్నాడు.

టీచరమ్మ కుర్చీలో కూర్చుని, మొహం గోడకి పెట్టి, ఒళ్లో చేతులు కట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరు చేత్తో సైగ చేశాడు. మేనేజరు క్లిప్పు తగిలించి, శ్రుతి చూసుకుని, వాయించాడు. బాగానే వాయించాడు.

“దేవదారు. అంటే ఆ రోజు రెండోది. చెయ్యి ఇతనిదే” అన్నారు టీచరమ్మ.

తర్వాతది. “నాది. నేను ఎంచుకున్న చిన్న గిటారు. ఆ రోజూ ఇప్పుడూ చెయ్యి ఇతనిదే.”

ఇన్‌స్పెక్టరు కావాలని మళ్లీ దేవదారుదే ఇప్పించాడు. నాలుగు స్వరాలు పడ్డాయో లేదో టీచరమ్మ తలూపారు. “మళ్లీ దేవదారే. పరీక్ష పెట్టేవాళ్లు ఇచ్చిన ప్రశ్నే రెండోసారి ఇవ్వకూడదు.”

ఇన్‌స్పెక్టరు చప్పుడు కాకుండా మేనేజరుని పక్కకి జరిపి, గిటారు తనే అందుకుని తీగల మీద చెయ్యి ఈడ్చాడు.

“గిటారు అదే. చెయ్యి మాత్రం గేటు గొళ్లెం తీసే చెయ్యి.”

జిగురు పెదవి బిగపట్టుకుంది. ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. గిటారు తిరిగి ఇచ్చేసి, మూడోది వాయించమని సైగ చేశాడు.

మేనేజరు కదల్లేదు.

“వాయించవయ్యా.”

అతను మూడో గిటారు దించాడు. క్లిప్పు పచ్చగా వెలిగింది. పాట మొదలైంది. టీచరమ్మ తల కొంచెం పక్కకి వంచి, చివరిదాకా విన్నారు.

“గిటారు ఆ రోజుదే. పైకి ఏదో మెరుగు పెట్టారు, లోపల మాత్రం అదే బోలు. చెయ్యి అది కాదు.”

“ఆ రోజు ఎలా ఉంది టీచర్‌గారూ?” అంది జిగురు. ఆమె గొంతు మామూలుగానే ఉంది, వేళ్లు మాత్రం కుర్చీ వీపుని గట్టిగా పట్టుకున్నాయి.

“ఆ రోజు మూడోదానికి ముందు సన్నగా గంటలు మోగాయి. గుడిలో ఎక్కడో దూరంగా మోగించినట్టు. మిగతా వేటికీ ముందు అలా మోగలేదు. వాయించింది మెత్తటి వేలు, గోరు తగల్లేదు. నాకు ఆ చెయ్యే ఎక్కువ నచ్చింది, గిటారే నచ్చలేదు. పాట సగంలో ఆపేసి, ఎవరో ముక్కుతో గట్టిగా గాలి వదిలారు. మంచి పిల్లాడి పేపర్లో సున్నా కనపడితే నేను అలాగే వదిలేదాన్ని.”

ఇన్‌స్పెక్టరు గిటారు తల మీది పచ్చ లైటు చూశాడు, దాని కింద మేనేజరు గోళ్లు చూశాడు.

“పెద్దాయన చేతుల ఫొటోలు మీ ఫైల్లోనే ఉన్నాయి” అంది జిగురు. “చెక్కపని చేసే మనిషి, గోళ్లు మొదలంటా కత్తిరించుకున్నారు. శ్రుతి గంటలు మోగించి చూసుకుంటారని ఇందాక ఇతనే చెప్పాడు. తమ్ముడు తలుపు విసిరికొట్టి పోయింది రెండో గిటారప్పుడు. ఆ తర్వాత పెద్దాయన పైకొచ్చి మూడో గిటారు వాయించారు. అంటే తమ్ముడు పోయేటప్పటికి ఆయన బతికే ఉన్నారు.”

“మరి సగంలో ఎందుకు ఆపాడు?”

జిగురు వర్క్‌షాపులోంచి టార్చిలైటు తెచ్చింది. మూడో గిటారుని బోర్లా తిప్పి పట్టుకుని ఇన్‌స్పెక్టరుకి వీపు చూపించింది. ముదురు రోజ్‌వుడ్ మీద నల్లటి చార ఒకటి నది పాయలా రెండుగా చీలి పారుతోంది.

“నిండు చెక్క అయితే ఈ చార లోపలి వైపు కూడా కనపడాలి. అదే చెక్క కదా. ఇప్పుడు ముందుకి తిప్పి, తీగల కిందున్న కన్నంలోంచి చూడండి.”

ఇన్‌స్పెక్టరు ఒక కన్ను మూసి, తీగల సందులోంచి లోపలికి చూశాడు. పాలిపోయిన చప్పటి చెక్క. చారా లేదు, పాయా లేదు. పేరున్న తయారీదారు లేబులు మాత్రం మధ్యలో దర్జాగా అతికించి ఉంది.

“ప్లైవుడ్ మీద రోజ్‌వుడ్ తొడుగు” అంది జిగురు. “అసలుది ఎప్పుడో ఎవరికో అమ్మేశారు, దాని చోట ఇది వేలాడదీశారు. పెద్దాయన చాలా రోజులకి దీన్ని చేతిలోకి తీసుకున్నారు. గొంతు వినగానే ఆపేశారు. బల్ల మీదకి తీసుకెళ్లి, తీగలు విప్పి, అద్దం పెట్టి చూశారు. ఆ తీగలు ఇంకా చెత్తబుట్టలో ఉన్నాయి. కొత్త తీగలు ఎక్కించి మళ్లీ గోడకి తగిలించింది ఎవరో ఇక ఇతను చెప్పాలి.”

మేనేజరు తివాచీ మీద చతికిలబడ్డాడు. నున్నటి మాటలు ఎక్కడికి పోయాయో, గొంతు పీలగా వచ్చింది.

“గిటారు మార్చింది నేనే సార్. ఇదొక్కటే కాదు. తమ్ముడు పోయాక పెద్దాయనే పైకొచ్చి, కింద కౌంటరు చూసుకో అని సైగ చేసి నన్ను పంపించారు. నేను పైకొచ్చేసరికి గోడ మీద మూడోది లేదు. ప్రాణం పోయినంత పనైంది. టీచరమ్మ కూర్చునే ఉన్నారు, ఏం చెయ్యను, నాలుగోది వాయించాను. ఆవిడ వెళ్లాక కాళ్ల మీద పడదామని వర్క్‌షాపులోకి వెళ్లాను. అప్పటికే పడిపోయి ఉన్నారు. బల్ల మీద ఈ గిటారు తీగలు విప్పి ఉంది. దాన్ని చూస్తే అందరూ నన్నే అంటారని తీగలు ఎక్కించి తగిలించాను. ఆ తర్వాతే ఫోన్ చేశాను. కొట్టింది మాత్రం నేను కాదు.”

“చచ్చిన మనిషి పక్కన కూర్చుని ఆరు తీగలు ఎక్కించావు. ఇప్పుడు నమ్మమంటావా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతనికి నమ్మకం మారడానికి ఎంతోసేపు పట్టలేదు. నిన్నటిదాకా తమ్ముడి మీద ఉన్నంత గట్టిగానూ ఇప్పుడు మేనేజరు మీద కూర్చుంది.

జిగురు కూడా నమ్మలేదు. పక్కకెళ్లి తమ్ముడి భార్యకి ఫోన్ చేసింది. “మీ ఆయన వెళ్లిపోయాక మీ బావగారు బతికే ఉన్నారని తేలింది. పెద్ద గండం గడిచినట్టే. షాపులోనే ఉన్నాం” అని రెండు ముక్కల్లో చెప్పింది. అవతల ఏడుపు తప్ప మాట వినపడలేదు.

ఇన్‌స్పెక్టరు కాగితాలు తీసి టీచరమ్మ స్టేట్‌మెంట్ కొత్తగా రాయడం మొదలెట్టాడు. ఒకచోట ఆగి, “చెవితో విన్నది సాక్ష్యమంటే లాయర్లు నవ్వుతారు” అన్నాడు.

“నవ్వకుండా రాయండి” అంది జిగురు. “మీరు స్వయంగా పరీక్ష పెట్టారని, ఒక్కటి కూడా తప్పలేదని రాయండి. కంటితో చూసినవాళ్ల మాటకి ఎంత విలువో ఆవిడ చెవికీ అంత విలువని రాయండి. రేపు ఎవరూ వెనక్కి లాగలేకుండా ఉండాలి.”

అతను రాశాడు. చదివి వినిపించాడు. టీచరమ్మ రెండు అక్షరదోషాలు దిద్దించి మరీ సంతకం పెట్టారు. అతను కూడా కింద సంతకం చేశాడు. మేనేజరుని లేపి నిలబెట్టి, చేతులు వెనక్కి పెట్టమన్నాడు.

టీచరమ్మ కుర్చీ గోడ పక్కనే ఉంది. పెన్ను మూత పెడుతూ ఆవిడ ఆగిపోయారు. తల వట్టి గోడ వైపు వంచారు.

“ఏమిటి టీచర్‌గారూ?”

“ఎవరో వస్తున్నారు.”

జిగురుకి ఏమీ వినపడలేదు. అరచెయ్యి గోడకి ఆనించింది. అప్పుడు తెలిసింది. వెనక సందులోంచి వచ్చే ఇనప మెట్లు ఈ గోడకే బిగించి ఉన్నాయి. ఎక్కుతున్న ప్రతి అడుగూ గోడలోంచి అరచేతికి తాకుతోంది. ఒక అడుగు గట్టిగా. వెంటనే రెండో కాలు అదే మెట్టు మీదికి లాక్కున్నట్టు మెల్లిగా. ఆ వెంటనే ఇనప కమ్మీకి ఉంగరం తగిలిన చిన్న టిక్కు. మళ్లీ గట్టిగా, మెల్లిగా, టిక్కు.

“ఈవిడా?” అన్నారు టీచరమ్మ తేలిగ్గా. “ఈ షాపులో పనిచేసే ఆవిడ. ఆ రోజూ వచ్చింది.”

జిగురు వంగింది. గొంతు తగ్గించి, “ఎప్పుడు?” అంది.

“నాలుగో గిటారప్పుడు. పాట మొదట్లో ఇలాగే ఒక్కో మెట్టూ ఎక్కింది. చివర్లో దిగింది. దిగేటప్పుడు మాత్రం తొందర తొందరగా, పాపం, కాలు ఈడ్చుకుంటూ. పోలీసులు ఎవర్నన్నా చూశారా అనడిగారు. నేనెక్కడ చూశాను, గోడ చూస్తున్నాను. పనిమనిషి వచ్చిపోయిన సంగతి చెప్పేదేముందని ఊరుకున్నాను.”

ఈ షాపులో పనిచేసే ఆడమనిషి లేదు. నాలుగో గిటారు మోగినంతసేపూ మేనేజరు ఈ గదిలోనే ఉన్నాడు. చెయ్యి అతనిదేనని ఇందాక టీచరమ్మే చెప్పారు, ఇన్‌స్పెక్టరు రాశాడు, దగ్గరుండి రాయించింది తనే.

వర్క్‌షాపు వైపు తలుపు తెరుచుకుంది. తమ్ముడి భార్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. మొహమంతా చెమట, కళ్లనిండా నీళ్లు, ఆ నీళ్లలోంచే నవ్వు. కుడి మోకాలికి పట్టీ, గుమ్మం పట్టుకున్న వేలికి ఉంగరం.

“ముందు షట్టరు మూసి ఉంది. అందుకని ఇటొచ్చాను. మా ఆయన్ని వదిలేస్తున్నారా?”

నిన్న ఆఫీసులో ఆవిడ చెప్పిన మాట జిగురు చెవిలో మెదిలింది. బావగారి షాపు గడప తొక్కి ఏళ్లయింది, వెళ్లాలన్నా దారి మర్చిపోయాను. మర్చిపోయిన మనిషి, సందులో ఎక్కడో దాక్కున్న ఇనప మెట్లు ఎవర్నీ అడక్కుండా ఎక్కి వచ్చింది.

ఇద్దరి కళ్లూ కలిశాయి. ఆవిడ నవ్వు ఆగిపోయింది. చూపు జిగురు మొహం మీంచి, గోడకి ఆనించిన అరచెయ్యి మీదకి, అక్కణ్ణుంచి కుర్చీలో టీచరమ్మ మీదకి వెళ్లింది.

ఇన్‌స్పెక్టరు కాగితాలు మడుస్తున్నాడు. అతను ఏమీ వినలేదు. మేనేజరుని తీసుకుని వెళ్లిపోతాడు. తమ్ముడు ఈ రాత్రికి ఇంటికి వెళ్లిపోతాడు. జిగురుని పెట్టుకున్నది అందుకే. ఇక్కడితో నోరు మూసుకుంటే ఆమె ఒప్పుకున్న పని అయిపోయినట్టే.

గోడ మీంచి చెయ్యి తీసింది. “ఇన్‌స్పెక్టర్‌గారూ, ఆ కాగితం ఇంకా మడవకండి. టీచర్‌గారూ, ఇందాక నాతో అన్న మాట ఆయనకి వినపడేలా చెప్పండి.”

టీచరమ్మ నోరు తెరిచేలోపు తమ్ముడి భార్య గుమ్మం వదిలి, మెల్లిగా వర్క్‌షాపులోకి వెనక్కి నడిచి, పెద్దాయన బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. రెండు చేతులతో మోకాలు పట్టుకుంది.

“ఆవిణ్ణి అడక్కండి” అంది. “బిల్డింగు సంగతి బావగారితో నేనే తేల్చుకుందామని వచ్చాను ఆ రోజు. మిగతాదీ నేనే చెప్తాను. ముందు మా ఆయన్ని ఇంటికి పంపించండి.”